పేరు వేరు, ర్యాంకు వేరు

(నల్గొండలో షటిల్ ఆడే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల ముందు ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్తే. మైకు వెనకదాకా వినిపిస్తుందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి తమ్ముడూ, సగం మాటలు అదే మింగేస్తోంది. సరే.

నన్ను పిలిచినవాళ్లు "సింధు గురించి చెప్పండి సార్, పిల్లలకు ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అన్నారు. సింధు గురించి తప్పకుండా చెబుతాను, కానీ ఇన్‌స్పిరేషన్ వీడియోలు మీ ఫోన్లలో రోజూ మస్తుగా వస్తున్నాయి, ఇంకోటి నేను ఇక్కడ నిలబడి ఇవ్వాల్సిన పని లేదు. నాకు చెప్పాలని ఉన్నది ఏంటంటే, ఒక షటిల్ ప్లేయర్‌కు పేరు ఎట్లా వస్తుంది, ఆమె ఆట ఎట్లా నడుస్తుంది, ఈ రెండూ ఒకే దారిలో పోతాయని మనం అనుకుంటాం కదా, పోవు. చాలాసార్లు ఒకదాన్ని ఒకటి కలుసుకోవు కూడా. మీ పిల్లల్ని ఈ ఆటలో పెట్టినవాళ్లు ఇది ముందే తెలుసుకుంటే మంచిది.

2016 ఆగస్టు గుర్తుందా? కృష్ణా పుష్కరాలు. 12వ తేదీ నుంచి 23 దాకా వాడపల్లి, మట్టపల్లి, సాగర్, అటు పాలమూరు వైపు బీచుపల్లి, సోమశిల, అలంపూర్, ఎక్కడ చూసినా జనమే. మన దక్షిణ తెలంగాణ మొత్తం రోడ్ల మీదే ఉంది. సరిగ్గా ఆ మధ్యలోనే, 18న, రాఖీ పున్నమి రోజు సాయంత్రం రియో ఒలింపిక్స్ సెమీస్‌లో సింధు జపాన్ అమ్మాయి ఒకుహారను 21-19, 21-10తో కొట్టింది. మర్నాడు శుక్రవారం ఫైనల్. అప్పటికి జియో సిమ్ములు ఇంకా మార్కెట్లోకి రాలేదు, ఎంబీలు లెక్కపెట్టుకుని నెట్ వాడుకునే రోజులు, అందుకని ఘాట్ల దగ్గర ఉన్నవాళ్లు ఇంటికి ఫోన్ చేసి "స్కోరెంత" అని అడిగేవాళ్లు. 21 పాయింట్ల ఆట అని కూడా తెలియనివాళ్లు "ఇంకెన్ని కావాలి" అని అడిగేవాళ్లు. ఫైనల్లో మొదటి గేమ్ 21-19తో మనది, తర్వాత 12-21, 15-21, స్పెయిన్ అమ్మాయి మారిన్ గెలిచింది, మనకు వెండి పతకం వచ్చింది.

ఓడిపోయిన మ్యాచ్ అది. కానీ ఆ రాత్రితో సింధు మన ఇంటి పిల్ల అయిపోయింది. ఎందుకని నన్ను అడిగితే ఆటకన్నా, మ్యాచ్ అయిపోయిన తర్వాతి రెండు నిమిషాలే అంటాను. మారిన్ కోర్టులో పడిపోయి ఏడుస్తుంటే ఈ అమ్మాయి నెట్ అవతలికి పోయి కౌగిలించుకుని, ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టింది. డ్రాప్ ఏది, హాఫ్ స్మాష్ ఏది అన్నది మన అవ్వలకు తెలియకపోవచ్చు గానీ, ఓడిపోయి కూడా అట్లా నడుచుకోవడం ఏంటో వాళ్లకు బాగా తెలుసు. అక్కడ పడింది పేరు.

ఇప్పుడు మూడేళ్లు వెనక్కి రండి. 2013 ఆగస్టు, చైనాలో గ్వాంగ్‌జౌ, ప్రపంచ చాంపియన్‌షిప్. పద్దెనిమిదేళ్లు నిండి నెల మాత్రమే అయిన సింధు, చైనా ప్లేయర్లు వాంగ్ యిహాన్‌ను, వాంగ్ షిక్సియాన్‌ను వరసగా కొట్టింది, వాళ్ల దేశంలో, వాళ్ల జనం ముందు. కాంస్యం తెచ్చింది. మహిళల సింగిల్స్‌లో మన దేశానికి ప్రపంచ చాంపియన్‌షిప్ పతకం అదే మొదటిది. మన ఊళ్లో ఎంతమందికి తెలుసు అప్పుడు? తెలంగాణ ప్రకటన వచ్చి పది రోజులు, ఎవరి నోట విన్నా అదే ముచ్చట, కాబట్టి నేను ఎవర్నీ తప్పు పట్టను. కానీ 2014లో మళ్లీ కాంస్యం వచ్చింది, 2015లో పద్మశ్రీ వచ్చింది, అప్పుడూ అంతే. ఆటగా చూస్తే, ఒక చైనా చాంపియన్‌ను చైనాలో కొట్టడం కన్నా పెద్ద పని ఏముంది? పేరు మాత్రం మూడేళ్ల తర్వాత, ఒక ఓటమితో వచ్చింది.

డబ్బు సంగతి కూడా అట్లాంటిదే, ఇది చాలామందికి తెలియదు. ఒలింపిక్స్‌లో ప్రైజ్ మనీ లేదు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనూ లేదు. బంగారు పతకం గెలిచినా టోర్నీ వాళ్లు ఇచ్చేది పతకమే. ప్రైజ్ మనీ ఉండేవి ఆల్ ఇంగ్లండ్, ఇండోనేషియా ఓపెన్, ఇండియా ఓపెన్ లాంటివి, అంటే మనం పేపర్లో స్పోర్ట్స్ పేజీ మూలన నాలుగు లైన్లలో చదివి వదిలేసేవి. మనకు తెలిసిన టోర్నీల్లో డబ్బు లేదు, డబ్బున్న టోర్నీలు మనకు తెలియవు. మరి సింధుకు కోట్లు ఎక్కడివి అంటే, పేరు చూసి ప్రభుత్వాలు ఇచ్చినవి, కంపెనీలు ఇచ్చినవి. రియో తర్వాత తెలంగాణ 5 కోట్లు ఇస్తే, ఆంధ్ర 3 కోట్లు, గ్రూప్ వన్ ఉద్యోగం ఇచ్చింది, రెండు చోట్లా ఇంటి స్థలాలు. 2018లో ఫోర్బ్స్ వాళ్లు లెక్క వేశారు, ఏడాదికి 85 లక్షల డాలర్లు, ప్రపంచంలో ఎక్కువ సంపాదించే మహిళా క్రీడాకారుల్లో ఏడో స్థానం. అందులో ఆట ఆడి గెలుచుకున్నది 5 లక్షలు, మిగతా 80 లక్షలు యాడ్స్ డబ్బు. పదహారో వంతు కూడా లేదు ఆటది.

ఇంకో సంగతి, చెప్పకుండా పోతే నాకు మనసొప్పదు. ఆ రియో రోజుల్లో మన రెండు రాష్ట్రాల జనం గూగుల్లో సింధు పేరు కొట్టి వెతికిన వాటిలో ముందున్నది ఆమె కులం. ర్యాంకు కాదు, ఆడే తీరు కాదు. అప్పుడు పేపర్లన్నీ రాశాయి. ఆమె ఆంధ్రా అమ్మాయా, తెలంగాణ అమ్మాయా అని ఇంకో పంచాయితీ. హైదరాబాద్‌లో పుట్టింది, హైదరాబాద్‌లో ఆడింది, లాల్ దర్వాజా సింహవాహిని అమ్మవారికి బోనం ఎత్తుకుంది, విజయవాడకు పోయి కనకదుర్గమ్మనూ దర్శించుకుంది, ఆ అమ్మాయికి లేని తగువు మనకెందుకో. పాపులారిటీ అంటే అదే మరి, అభిమానంతో పాటు ఈ చెత్త కూడా గుమ్మం ముందుకు వస్తుంది.

సరే, ఆటకు వద్దాం. నాకు సింధు ఆడిన మ్యాచ్‌ల్లో అన్నిటికన్నా ఇష్టమైనది రియో కాదు, ఆమె ప్రపంచ చాంపియన్ అయిన బాసెల్ కూడా కాదు. 2017 గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్. ఒకుహారతో. 110 నిమిషాలు. పిల్లలూ, మీరు ఇరవై నిమిషాలు సింగిల్స్ ఆడి నీళ్ల బాటిల్ కోసం పరిగెత్తుతారు కదా, గంటా యాభై నిమిషాలు అనుకోండి. రెండో గేమ్ చివర్లో ఒక ర్యాలీ, 73 షాట్లు. టాస్, డ్రాప్, డ్రిబుల్, మళ్లీ వెనక్కి టాస్, ఆ కాక్ కింద పడదు. ఆ ర్యాలీ సింధు గెలిచి గేమ్ 22-20తో తెచ్చుకుంది. మూడో గేమ్‌లో 20-20 దాకా వచ్చి 22-20తో ఓడిపోయింది. ఇంట్లో నెట్ ఉంటే పొద్దుగాల లేచి ఆ మూడో గేమ్ ఒక్కటి పెట్టుకుని చూడండి, స్మాష్‌లు చూడొద్దు, పాయింట్‌కు పాయింట్‌కు మధ్య ఇద్దరూ ఎట్లా ఊపిరి తీసుకుంటున్నారో చూడండి. ఆ ఊపిరి దగ్గరే మ్యాచ్ నడుస్తోంది.

ఆ తర్వాత మొదలైంది టీవీల్లో కొత్త పాట, "సింధుకు ఫైనల్ ఫోబియా". 2018లో కామన్వెల్త్ ఫైనల్లో సైనా చేతిలో, ఏషియన్ గేమ్స్ ఫైనల్లో తై జు యింగ్ చేతిలో, నాన్‌జింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో మారిన్ చేతిలో ఓడిపోయింది. ఫైనల్‌కు వచ్చినవాళ్లు ఓడిపోతేనే కదా ఫైనల్ ఫోబియా అంటారు, మొదటి రౌండ్‌లోనే ఇంటికి పోయినవాళ్లకు ఆ జబ్బు అంటదు. (నవ్వులు) ఆ ఏడాది డిసెంబర్‌లో వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచింది, 2019 ఆగస్టులో బాసెల్‌లో అదే ఒకుహారను 21-7, 21-7తో, నలభై నిమిషాలు కూడా పట్టకుండా ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. మన దేశం నుంచి ప్రపంచ చాంపియన్ అయిన మొదటి షటిల్ ప్లేయర్ ఆమే. ప్రపంచ చాంపియన్‌షిప్‌ల్లో మొత్తం ఐదు పతకాలు. నన్నడిగితే రెండు ఒలింపిక్ పతకాల కన్నా ఈ ఐదూ బరువైనవి, కానీ దండలు వేసేటప్పుడు ఎవరూ వాటి పేరు ఎత్తరు.

టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం మీకు తెలిసిందే. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ బంగారం, ఆ టోర్నీలోనే ఎడమ చీలమండ దెబ్బతింది, స్ట్రెస్ ఫ్రాక్చర్, ఆ ఏడాదిలో మిగతా నెలలన్నీ ఆటకు దూరం. ఇక్కడ ర్యాంకు లెక్క ఒక్క మాట చెప్పాలి. గత 52 వారాల్లో ఆడిన వాటిలో మంచి ఫలితాలు పది తీసుకుని పాయింట్లు కూడతారు. ఇంట్లో కాలికి కట్టు కట్టుకుని కూర్చున్నా ఆ వారాలు ఆగవు, పాత పాయింట్లు ఒక్కొక్కటే రాలిపోతుంటాయి. తిరిగి వచ్చేసరికి ర్యాంకు జారి ఉంటుంది, ర్యాంకు జారితే సీడింగ్ ఉండదు, సీడింగ్ లేకపోతే మొదటి రౌండ్‌లోనే పెద్దవాళ్లు తగులుతారు. ర్యాంకు సంగతి అట్లుంచితే, 2023 జనవరిలో సింధు మలేషియా ఓపెన్‌లో తిరిగి అడుగుపెడితే మొదటి మ్యాచ్ ఎవరితో? మారిన్‌తో. ఓడిపోయింది. అప్పటి నుంచి మనవాళ్ల కామెంట్లు, "అయిపోయింది", "యాడ్స్ ఎక్కువైనయ్". పారిస్ ఒలింపిక్స్‌లో జెండా పట్టుకుని నడిస్తే చప్పట్లు, ప్రీక్వార్టర్స్‌లో హి బింగ్‌జియావో చేతిలో ఓడితే తిట్లు, వారం తేడాలో. మర్నాడు పొద్దున్న కోర్టుకు పోయేది మాత్రం ఆమే, చప్పట్లు కొట్టినవాళ్లు కాదు, తిట్టినవాళ్లు కాదు.

ఇప్పుడు మన జిల్లా మాట. చేతులెత్తండి, సిక్కి రెడ్డి పేరు విన్నవాళ్లు ఎంతమంది? ... నలుగురు, ఐదుగురు. చూశారా. పెద్దవాళ్లలో ఒక్కరు కూడా లేరు.

ఎన్. సిక్కి రెడ్డి పుట్టింది కోదాడలో. 1993లో, అంటే అప్పటి మన ఉమ్మడి నల్గొండ జిల్లా. డబుల్స్ ప్లేయర్. 2014లో, 2016లో ఉబెర్ కప్‌లో, అంటే మహిళల జట్ల ప్రపంచ టోర్నీలో, కాంస్యం తెచ్చిన మన మహిళల జట్టులో ఉంది. ప్రణవ్ చోప్రాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో 2016లో బ్రెజిల్‌లో, రష్యాలో టైటిల్స్ గెలిచింది, తర్వాతి ఏడాది సయ్యద్ మోదీ టోర్నీ. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్‌లో అశ్విని పొన్నప్పతో మహిళల డబుల్స్ కాంస్యం, మిక్స్‌డ్ టీమ్ బంగారం గెలిచిన జట్టులో కూడా ఉంది. అదే ఏడాది అర్జున అవార్డు. హైవే మీద విజయవాడ బస్సులో పోతూ కోదాడలో టీ తాగని నల్గొండ మనిషి ఉండడు, ఆ ఊళ్లో పుట్టిన పిల్లకు అర్జున వచ్చిందని తెలిసినవాళ్లు మాత్రం ఈ హాల్లో ఐదుగురు.

అదే గోల్డ్‌కోస్ట్‌లో సింగిల్స్ ఫైనల్ సైనాకు, సింధుకు మధ్య జరిగింది, అది మాత్రం అందరం చూశాం. డబుల్స్ అంటే మనకు ఎందుకో ఇద్దరు కలిసి ఆడేది, కొంచెం ఈజీ అనే లెక్క. కాలనీ రోడ్డు మీద సున్నంతో గీతలు గీసుకుని మనం ఆడేది డబుల్సే కాబట్టి అట్లా అనిపిస్తుందేమో. పెద్ద స్థాయిలో అది ఎంత వేగంగా ఉంటుందంటే చెయ్యి కళ్లకన్నా ముందు కదలాలి. డబ్బు కూడా చూడండి, పది లక్షల డాలర్ల ఆల్ ఇంగ్లండ్‌లో 2018లో సింగిల్స్ గెలిచినవాళ్లకు 70 వేల డాలర్లు ఇచ్చారు. డబుల్స్ గెలిచిన జంటకు 74 వేలు, ఇద్దరికీ కలిపి. తలా 37 వేలు. కోర్టు పెద్దది, కష్టం అదే, చేతికొచ్చేది సగం.

దానికన్నా కష్టమైనది ఇంకోటి ఉంది. డబుల్స్‌లో ర్యాంకు మనిషిది కాదు, జంటది. పార్టనర్‌కు మోకాలు దెబ్బ తగిలినా, ఆమె ఇంకొకరితో ఆడాలనుకున్నా, సెలెక్టర్లు జంట మార్చినా, ఆ ఇద్దరూ కలిసి తెచ్చుకున్న ర్యాంకు అక్కడితో ఆగిపోతుంది. కొత్త పార్టనర్‌తో జంట ర్యాంకు మళ్లీ కింది నుంచి మొదలు, చాలాసార్లు మళ్లీ చిన్న టోర్నీలు, క్వాలిఫయింగ్ రౌండ్లు. ఇది సింగిల్స్ వాళ్లకు లేని బాధ. సింధు ర్యాంకు సింధుతోనే ఉంటుంది, పడినా లేచినా.

(వెనక నుంచి ఎవరో ఏదో అడిగారు.)

ఏంటి తమ్ముడూ? ... ఆ, సాత్విక్ డబుల్సే కదా, పేరు వచ్చింది కదా అంటున్నాడు. మంచి ప్రశ్న. వచ్చింది. అమలాపురం పిల్లవాడు, చిరాగ్ శెట్టితో కలిసి 2022లో థామస్ కప్, అంటే మగవాళ్ల జట్ల ప్రపంచ టోర్నీ, గెలిచిన జట్టులో ఉన్నాడు, 2023లో ఏషియన్ గేమ్స్ బంగారం, ప్రపంచ నంబర్ వన్, గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్ రికార్డు. డబుల్స్‌లో పేరు రావడానికి ఇవన్నీ కావాల్సి వచ్చాయి, అది గమనించు. ఇంకోటి, వాళ్ల జంట ఏళ్ల తరబడి విడిపోకుండా ఉంది. జంట పేరే ఒక బ్రాండ్ అయిపోయింది. మన ఆడపిల్లల డబుల్స్‌లో గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప తర్వాత అంత కాలం నిలబడ్డ జంటలు తక్కువ. జ్వాల అశ్వినిలు 2011లో ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం తెచ్చారు, సింధు కన్నా రెండేళ్లు ముందు, ఆ సంగతీ ఎవరికీ గుర్తుండదు. పోనీలే.

తల్లిదండ్రులు అడిగేది ఇంకోటి ఉంటుంది, మన నల్గొండ నుంచి, పాలమూరు నుంచి ఎందుకు రారు అని. కోదాడలో పుట్టినా ఆట నేర్చుకోవడానికి హైదరాబాద్ పోవాల్సిందే, అదీ కారణం. మా చిన్నప్పుడు స్కూల్ గ్రౌండ్‌లో ఉన్నది బాల్ బ్యాడ్మింటన్, పసుపు పచ్చ ఊలు బంతితో, అటు ఐదుగురు ఇటు ఐదుగురు, ఎర్రమట్టిలో. షటిల్ అంటే ఆఫీసర్స్ క్లబ్బులో తహసీల్దారు, డాక్టరు గార్లు సాయంత్రం ఆడుకునేది. గాలి ఆడని హాలు కావాలి, కింద ఉడెన్ కోర్టో సింథటిక్ మ్యాటో ఉండాలి, ఫెదర్ కాక్ కావాలి. మంచి ఫెదర్ కాక్ ఒక్కోటి వంద రూపాయలు దాటి ఎన్నాళ్లో అయింది, గట్టిగా ప్రాక్టీస్ చేస్తే గంటలో నాలుగైదు పాడైపోతాయి. ఒక్కో కాక్‌కు పదహారు ఈకలు, ఒక్కటి విరిగినా దాని దారి అది పోతుంది. క్రికెట్‌కు బ్యాటు ఒకసారి కొంటే ఏడాది, ఇక్కడ రోజూ ఖర్చే, మళ్లీ గట్టింగ్, అంటే రాకెట్‌కు తీగలు వేయించడం వేరు, షూస్ వేరు.

గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, కూల్‌డ్రింక్ యాడ్ వద్దని, ఇల్లు తాకట్టు పెట్టి గచ్చిబౌలిలో అకాడమీ కట్టాడు, అక్కడి నుంచే ఇంతమంది వచ్చారు. సైనా అంతకుముందు ఎల్బీ స్టేడియంలో మొదలుపెట్టింది, వాళ్లది హర్యానా, నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చారు. సింధు నాన్న రమణ గారు అర్జున అవార్డు అందుకున్న వాలీబాల్ ప్లేయర్, అమ్మ విజయ గారూ వాలీబాల్ ప్లేయరే, ఇద్దరికీ రైల్వేలో ఉద్యోగాలు. సికింద్రాబాద్ నుంచి గచ్చిబౌలికి రోజూ చీకటితోనే లేచి తీసుకుపోయేవాళ్లు. ఆటంటే తెలిసిన ఇల్లు, జీతం వచ్చే ఇల్లు, అదే సిటీలో అకాడమీ. ఈ మూడూ కలిసొచ్చాయి. కష్టపడితే ఎవరైనా సింధు అవుతారు అని ఇక్కడ నిలబడి చెప్పడం నాకు చేతకాదు. నల్గొండ నుంచి గచ్చిబౌలి వంద కిలోమీటర్ల పైనే, ఏ నాన్న తీసుకుపోతాడు రోజూ? జిల్లాలో నాలుగు మ్యాట్లు వేసిన హాలు, జీతం సరిగ్గా వచ్చే కోచ్ ఒకరు ఉంటే పదమూడేళ్ల దాకా ఇక్కడే నేర్పించొచ్చు. సన్మానానికి పెట్టే ఖర్చులో కొంత అటు పెడితే చాలు, పతకం వచ్చాక ఇచ్చే కోట్లు ఎటూ ఇస్తూనే ఉంటారు.

ఇంక ఎవరైనా అడగాలనుకుంటే అడగండి. ... చెప్పమ్మా.

మీ పాపకు పదకొండేళ్లా? సింగిల్స్‌లో పెట్టాలా, డబుల్స్‌లో పెట్టాలా అంటున్నారు. ఇప్పుడు ఏదీ తేల్చొద్దమ్మా. పద్నాలుగేళ్ల దాకా రెండూ ఆడనివ్వండి. సింధు ఐదడుగుల పది అంగుళాలు, వెనక కోర్టు నుంచి ఒక్క అడుగులో నెట్ దగ్గరికి వస్తుంది, అట్లా ఎదుగుతుందో లేదో మీకు ఇప్పుడే తెలియదు. చెయ్యి చురుగ్గా ఉండి, చిన్న సర్వీస్ బాగా పడుతూ, పక్కవాళ్ల మీద కోపం రాకుండా ఉంటే డబుల్స్‌కు పనికొస్తుంది. పేరు తక్కువ వస్తుందని మాత్రం డబుల్స్ మాన్పించకండి, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకు పతకం చూస్తారు, ఫ్లెక్సీ చూడరు. చదువు ఆపొద్దు, టోర్నీలతో హాజరు కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. డబుల్స్ అనుకుంటే ఒక్కటి చేయండి, పార్టనర్ వాళ్ల అమ్మానాన్నలతో ముందే కూర్చుని మాట్లాడుకోండి, ఏ టోర్నీలకు పోతారు, పరీక్షలప్పుడు ఎట్లా, బస్సు ఖర్చు ఎవరిది అని. పిల్లలు ఇద్దరూ బాగానే ఉంటారు, జంటలు విడిపోయేది ఎక్కువగా పెద్దవాళ్ల దగ్గరే.